ఐస్ మెషిన్ శ్రుతి

గురువారం రాత్రి, యాజూ నది వంతెన దాటాక
పాత టైర్ల కొట్టు పక్కన బార్లో
పదకొండు మందిమి ఉన్నాం.
పన్నెండో స్టూలు మీద ఒక కోటు.
దాని మనిషి మూడు వారాలుగా రాలేదు,
కోటు ఎవరూ తీయలేదు.

నేను చేపల ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చాను.
క్యాట్‌ఫిష్ వాసన సబ్బుకి లొంగే రకం కాదు.
నిమ్మచెక్కతో రుద్దుకున్నాను చేతులు,
ఇప్పుడు నిమ్మకాయ పిండిన చేప వాసన.
వర్నెల్ ముక్కెగరేసి, నవ్వి,
బల్ల మీద బీరు నా వైపు జారవిడిచింది.

బ్యాండు పేరు పలక మీద సుద్దతో రాశారు.
సగం చెరిగిపోయింది.
మిగిలిన సగం దగ్గుమందు పేరులా ఉంది.
పక్క ఊళ్ళో కూడా వీళ్ళనెవరూ ఎరగరు.
డ్రమ్ముల దగ్గర క్లియోఫస్,
పగలంతా వాషింగ్ మెషిన్లు బాగుచేస్తాడు.
మా ఇంటిది కూడా చేశాడు, ఇరవై డాలర్లు బాకీ,
అందుకే స్తంభం చాటున కూర్చున్నాను.
బేసు పట్టుకున్న కుర్రాడు ఓజెల్లా మనవడు.
పాడేది ఓజెల్లా.
అరవై తొమ్మిదేళ్ళు, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు.

హోబర్ట్ ఐస్ మెషిన్ వైపు చెవి పెట్టి
గిటారు తీగలు బిగిస్తున్నాడు.
వేళాకోళమనుకున్నాను.
కాదట. ఆ మెషిన్ మూలుగు ఎప్పుడూ ఒకే స్వరమట,
దాన్ని మించి అరిచే స్తోమత వీళ్ళ స్పీకర్లకి లేదట.
పోరుకన్నా పొత్తు నయం అన్నాడు.

మొదటి పాటకి ఎవరూ తల తిప్పలేదు.
రెండో పాటకి టీవీ గొంతు నొక్కారు,
బొమ్మ మాత్రం ఉంచారు.
మూడో పాట నీళ్ళ గురించి.
వరద అనుకునేరు, కాదు.
బిల్లు కట్టలేదని కుళాయి ఆపేస్తే
పక్కింటామె కంచె మీంచి
రబ్బరు గొట్టం అందించిన సంగతి.
ఒకే మాట రెండుసార్లు పాడుతుంది ఓజెల్లా.
మొదటిసారి మనకి చెబుతున్నట్టు,
రెండోసారి తనే అప్పుడే విన్నట్టు.
మూడో మాట కోసం ఆగాం.
ఎత్తిన గ్లాసు ఎత్తినట్టే ఉంది.

ఐస్ మెషిన్ ఆగిపోయింది.

పదిహేనేళ్ళుగా వస్తున్నాను,
ఆ మూలుగు లేని గదిని
ఆ రాత్రే మొదటిసారి చూశాను.
గది పెద్దదైపోయింది.
ఎవరిదో కడుపు గుడగుడమంది, అందరికీ వినబడింది.
మెట్టుందనుకుని కాలేసినవాడిలా
హోబర్ట్ వేళ్ళు తూలాయి.
కుర్రాడు అమ్మమ్మ మొహం చూశాడు.

ఓజెల్లా మైకు కిందకి దించింది.
పెదాలు మూసి, ముక్కుతో,
ఆ మెషిన్ స్వరాన్నే ఎత్తుకుంది.
అదే మందం, అదే జీర,
మధ్య మధ్య దానికొచ్చే ఎక్కిళ్ళతో సహా.
హోబర్ట్ దాని మీద కాళ్ళూని వాయించాడు.
క్లియోఫస్ కర్రలు పక్కన పెట్టి
అరచేత్తో డ్రమ్ము తడుతున్నాడు,
తల వంచి, చెవి ఆనించి,
ఆవేళ మా వాషింగ్ మెషిన్ని తట్టినట్టే.
వర్నెల్ వంగి చూసింది. ప్లగ్గు ఊడింది.
చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది,
పాట అయ్యేదాకా గుచ్చలేదు.
మూడో మాట పాడటానికి
ఆమె నోరు ఖాళీ లేదు.

తర్వాత ఖాళీ పికిల్ సీసా తిరిగింది.
నా దగ్గర ఉన్నది ఒక్క ఇరవై నోటు.
సీసాలో వేయనా, బాకీ తీర్చనా అని నీళ్ళు నములుతుంటే
క్లియోఫస్ స్తంభం ఇవతలికి వచ్చాడు.
"సీసాలోనే వెయ్యి. నలుగురం పంచుకుంటాం.
నీ లెక్కలో ఇంకా పదిహేను."

ఓజెల్లా చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటోంది.
ఆ మూడో మాట ఏమిటని అడిగాను.
చాలాసేపు నా చేతుల వంక చూసింది,
వాసన తగిలిందేమో.
"ఆ గొట్టం ఇంకా మా ఇంట్లోనే ఉంది," అంది.
"అడగడానికి ఆవిడ లేదు."

పాట చెప్పిందో, మాట చెప్పిందో
తేల్చుకోలేక ట్రక్కు దాకా నడిచాను.
వెనక తలుపు సందులోంచి
మెషిన్ మళ్ళీ మొదలెట్టింది,
కాస్త అపశ్రుతిలో.