తొలి ఉగ్గు

జూలై. ఇక్కడ చలికాలం.
క్వీన్స్‌లాండ్ తీరంలో హైవేకి ఆనుకున్న జామాయిల్ చెట్ల మీదికి
పొద్దు ఇంకా ఎక్కలేదు.
డూగల్ మాత్రం ఎక్కేశాడు,
కర్ర చివర చిరిగిన జెండా ఊపుతూ
టిల్డా నెత్తి మీద.
కోలా తిట్టుకుంటూ ఒక్కో గోరూ ఊడదీసుకుని దిగుతోంది.

ఏడాది కిందట దాని మెడకి పట్టీ కట్టింది నేనే.
తొడలో సూది గుచ్చిందీ నేనే.
సీసా మీద అంకె తప్ప పేరు లేదు.
మందో, ఉప్పునీరో
నాకు తెలీదు, టిల్డాకీ తెలీదు.
తెలిసిన కాగితం బ్రిస్బేన్‌లో
ఇమోజెన్ సొరుగులో, తాళం వెనక.

చాప కింద నీరంటారు గానీ
క్లమీడియాకి చాప కూడా అక్కర్లేదు.
కణం లోపలికే దూరి
ఆ ఇంటి పొయ్యి మీదే వండుకు తిని
ఇంటివాళ్ళకి తెలియకుండా పిల్లల్ని పెట్టి
ఓ రోజు గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది.
ముందు కళ్ళు పుసులు కడతాయి.
తర్వాత తోక లేని ఆ వెనకభాగం తడిసి, బొచ్చు తుప్పురంగు తిరుగుతుంది.
ఆ తర్వాత స్కానింగులో
గర్భసంచి పక్కన నీటితిత్తులు, నల్లద్రాక్షల్లా.
ఇక ఆ చెట్టుకి పిల్ల రాదు.

మందులున్నాయిగా, అంటారు చూడ్డానికొచ్చినవాళ్ళు.
ఉన్నాయి.
జామాయిల్ ఆకు విషం.
దాన్ని అన్నం చేసేది కోలా కాదు,
దాని పేగులో కాపురముండే కోట్ల సూక్ష్మజీవులు.
మందు దొంగనీ చంపుతుంది, వంటవాళ్ళనీ చంపుతుంది.
కళ్ళు నయమై, నోటినిండా ఆకు నములుతూనే
ఆకలితో పోయినవాటిని
ఈ చేతులతో తూకం వేశాను.
పేర్లు చెప్పను.

ఆ వంటవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారంటే,
ఆర్నెల్ల పిల్ల పొట్టసంచిలోంచి తల బయటపెట్టి
తల్లి వెనకనుంచి కారే పచ్చటి జావ నాకుతుంది.
మొహం చిట్లించకండి. అదే దాని ఉగ్గు.
ఒక్కోసారి ఆ ఉగ్గులోనే జబ్బూ ఉంటుంది.
పెట్టే తల్లి ఒకతే, ముద్ద ఒకటే.

ఈ జబ్బు పేరు వినగానే
నవ్వు ఆపుకోలేనివాళ్ళుంటారు.
నేనూ నవ్వాను, ఇరవై రెండేళ్ళప్పుడు.
ముప్ఫై నాలుగులో డాక్టరు తెర మీద
మూసుకుపోయిన నా రెండు నాళాలూ చూపించి
"ఎప్పుడో వచ్చి ఉంటుంది, మీకు తెలిసి ఉండదు" అంది.
నొప్పి కూడా రాలేదు నాకు.
మచ్చలు చేసింది అది కాదట,
దాన్ని తరమబోయి నా ఒళ్ళు చేసిన రభస.
అందుకే ఈ టీకా కట్టడం కష్టం, అంటుంది ఇమోజెన్.
కాపలావాడికి దొంగని పట్టడం నేర్పాలి,
ఇల్లు తగలబెట్టడం కాదు.

గోనెలోకి దించాక టిల్డా ఊపిరి వెచ్చగా, దగ్గుబిళ్ళ వాసన.
కళ్ళు శుభ్రం. బొచ్చు పొడి.
పొట్టసంచిలో వేలు పెట్టాను.
నా వేలిని ఎవరో పట్టుకున్నారు.
ఆరడుగుల డూగల్ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.
గెలిచాం అనుకున్నాం, పిచ్చివాళ్ళం.

సెప్టెంబరులో ఇమోజెన్ సొరుగు తెరిచింది.
టిల్డాకి ఎక్కింది ఉప్పునీరు.
వట్టి అదృష్టం.
టీకా పడ్డ మగకోలా గోర్డో, కుడికన్ను చెడి,
మార్చిలోనే హైవే దాటబోయి...
"ఒక్కదాన్ని చూడకు. అన్నిటినీ కూడు."
కూడాం.
టీకా పడ్డవైపు జబ్బుపడ్డవి తక్కువ.
సున్నా కాదు. తక్కువ.
ఆ మాటని ఇంటికి తీసుకెళ్ళి
రాత్రంతా పక్కలో పెట్టుకుని పడుకున్నాను.

నవంబరు. మళ్ళీ అదే చెట్టు.
టిల్డా వీపు మీద పిల్ల, చెవుల అంచున బొచ్చు గుబురు కడుతోంది.
ఉగ్గు ఎప్పుడో తాగేసింది.
అందులో ఏం తాగిందో ఇంకా తెలీదు.
డూగల్ పట్టుకున్నాడు. తొడ నా బొటనవేలంత.
ఈసారి సీసా మీద పేరుంది.
కీచుమని అరిచింది.
సూది తీసి, చుక్క నెత్తురు తుడిచి
టైము రాసుకున్నాను: ఆరూ నలభై.
హైవే మీద లారీలు మొదలయ్యాయి.