అనుభవం అనే గడి

కిసుము టౌన్ హాల్లో ఫ్యాన్లు మూడు, తిరిగేది ఒకటి.
దాని కింద కమిటీ కూర్చుంది.
పక్కన నేను, దుబాసీని.
లువో మాటను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషును లువోలోకి
తోడిపోయడం నా పని. రోజుకూలి.

మానవ హక్కుల కమిషన్లో ఖాళీ ఒక్కటే.
జాబెజ్ ఓపాండే, రిటైర్డ్ పోలీసు సూపరింటెండెంట్.
మనిషి రిటైరయ్యాడు గానీ
బూట్లు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.
లువోలో పుట్టినవాడే, జవాబులన్నీ ఇంగ్లీషులో.
దరఖాస్తులో ఏడో గడి:
మానవ హక్కుల రంగంలో అనుభవం.
ఆయన రాసింది: "ముప్పై ఒక్క ఏళ్ళు."

వెనక బెంచీలో నవ్వొకటి లేచి
దగ్గుగా మారి కూర్చుంది.

పోలీసు పనికిరాడని చట్టంలో ఎక్కడా లేదన్నాడు ఛైర్మన్.
పనికొస్తాడనీ లేదంది లాయరమ్మాయి.
రాయని చోటు ఎవరి సొత్తో
గంటన్నర తేల్చుకోలేకపోయారు.
ఇద్దరి చెమటా నాకే పట్టింది.

అప్పుడు లేచింది రోసెలిదా న్యాంగ్వెసో.
సరస్సు ఒడ్డున ఒమెనా చేపలు ఎండబెట్టే మనిషి.
మైకు అక్కర్లేదంది.

"నా కొడుకు లోపలికి వెళ్ళినట్టు
స్టేషన్ పుస్తకంలో ఉంది.
బయటికొచ్చినట్టు ఉండాల్సిన పేజీ లేదు.
పద్నాలుగేళ్ళు.
అనుభవం అంటున్నారు కదా,
చేసినవాడిదీ అదే మాట, పడ్డవాడిదీ అదే మాట.
నాది రాయడానికి మీ కాగితంలో గడి లేదు.
ఈయన్నే తీసుకోండి.
ఏ బీరువా తాళం ఎవరి మొలలో ఉందో
ఈయనకి తెలుసు, మీకు తెలీదు.
కానీ మొదటి ఫిర్యాదు నాది.
ఈయన చేత్తోనే రాసుకోవాలి."

దుబాసీకి ఒకటే నియమం:
ఎవరు నేనంటే, నేనూ నేననాలి.
పొద్దున ఇదే గొంతుతో
"నేను ఎవరి మీదా చెయ్యెత్తలేదు" అన్నాను.
ఇప్పుడు "నా కొడుకు" అన్నాను.
మధ్యలో గ్లాసుడు నీళ్ళు తాగానంతే.

ఓపాండే ఆమె వైపు చూడలేదు.
టేబుల్ గుడ్డ అంచు సర్దాడు, మళ్ళీ సర్దాడు.
తర్వాత, ఆ రోజు మొదటిసారి, లువోలో,
పక్కింటివాళ్ళతో వానొచ్చేలా ఉందన్నట్టు అన్నాడు:
"ఆ గదికి కిటికీ లేదు."

ఛైర్మన్‌కి లువో రాదు.
ఏమన్నాడని నా వైపు తిరిగాడు.
టైపిస్టు వేళ్ళు ఆపింది.

చిన్న వాక్యం. తేలిక మాటలు.
నోరు తెరిచి వెతుకుతున్నాను,
అందులో ఎక్కడా
నేను లేదు.