అద్దె గది

వైనతేయ పాయ దాటి పంటు దిగేసరికి
నూకరత్నం గారు గొడుగుతో ఎదురొచ్చారు.
"ఏసీ ఉందండి, కరెంటే ఉండదండి, ఆయ్!"

రాత్రి చింతచిగురు రొయ్యలు.
మా బుడ్డోడు మూడుసార్లు మారు అడిగాడు.
పందిరి మంచం, ఉతికిన దుప్పటి.
దిండులో మాత్రం
ఎవరిదో కొబ్బరినూనె వాసన.

నడిరేయి మంచినీళ్ళకి లేస్తే
వసారాలో ఒకే దోమతెర కింద నలుగురు,
మా చెప్పుల పక్కనే వాళ్ళ తలలు.
పదో తరగతి పిల్ల
టార్చి వెలుగులో లెక్కలు చేసుకుంటోంది.
నన్ను చూసి ఆర్పేసింది,
తప్పు తనదైనట్టు.

పొద్దున్న మా లెక్క తేలింది:
గది రెండువేలు, రొయ్యలు మూడొందలు.
"దిండు మెత్తగా ఉందాండీ?" అంది ఆ పిల్ల.
తలూపాను.

బస్సులో మా ఆవిడ నా భుజమ్మీద వాలి
"ఏం నూనె రాశారు?" అంది.