రొట్టె వంపు

కుతాయిసిలో, రియోని నది ఒడ్డున,
త్సియాలా మట్టిపొయ్యి వెలిగించిన మొదటి చలికాలం
లెక్కలు రాసింది నేనే.
రోజుకి నలభై రొట్టెలు.
ఒక్కోటి మాకే తొంభై తెత్రీలు పడేది.

పొయ్యికి లెక్కలు రావు.
నలభైకి ఎంత ద్రాక్షకట్టె తింటుందో
రెండొందలకీ ఇంచుమించు అంతే తింటుంది.
అద్దె సరేసరి. పిండి కలిపినా, కలపకపోయినా
ఒకటో తారీఖుకి వచ్చి తలుపు తడుతుంది.
"అయితే రెండొందలు చేద్దాం" అంది,
చేతుల పిండి గౌనుకి దులుపుకుంటూ.

చేసింది.
అద్దె రెండొందల ముక్కలై
ఒక్కో రొట్టెలో ఉప్పురవ్వంత మిగిలింది.
బస్తాలు పోయి లారీ వచ్చింది.
మిల్లు యజమాని మొదటిసారి తానే ఫోన్ చేసి
మా మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు.
డెబ్బై. అరవై. నలభై ఐదు.
నా పెన్సిల్, కొండ దిగే మేక.

నాలుగో పొయ్యి దగ్గర ఆగి ఉంటే,
అని ఇప్పుడంటున్నాను.
పదకొండు పొయ్యిలకి అప్పు కాగితాలు నింపింది
ఈ చేతులే.

ఇప్పుడు పిసికేవాళ్ళకో పెద్ద,
ఆ పెద్దకో పెద్ద,
ఇద్దరి మధ్యా కబుర్లు మోసే గేలా.
వాడికి జ్వరమొస్తే ఈస్టు రాదు.
వ్యాన్లు వంతెన మీద నిలబడతాయి,
రొట్టెలు లోపలే చల్లారిపోతాయి.
ఉప్పు ఎవరు వేశారంటే అందరూ వేశామంటారు.
పదిమంది చేరితే పాము చావదు.
చప్పిడి రొట్టెలు ఆరొందలు
మంగళవారం పందులపాలు.

నలభై ఐదు కాస్తా యాభై రెండయింది.
ఆ ఏడు తెత్రీల కోసం మూడు రాత్రులు వెతికాను.
ఎవరూ తీయలేదు.
దొంగ దొరికితే ఎంత బాగుండేది!

గీసి చూపించాను త్సియాలాకి:
జారి, కాసేపు అడుగున పాకి, మళ్ళీ లేచే గీత.
కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టింది.
"షోతి రొట్టె కదా ఇది,
రెండు కొసలూ పైకి లేచి.
ఈ కొస మాడ్చావు."

నేను నవ్వలేదు.
తన వేలు ఆ గీత అడుగున ఆగింది,
నాలుగో పొయ్యి ఉన్న చోట.
"ఇక్కడున్నప్పుడు నాకు చెప్పలేదేం?"
ఏం చెప్పను,
అడుగున ఉన్నామని
ఎక్కడం మొదలయ్యాకే కదా తెలిసేది.

నిన్నటి రొట్టె తీసి, మాడిన కొస విరిచి
నా చేతిలో పెట్టింది.
"పేర్లు రాయి" అంది, కిటికీ వైపు తిరిగి.
పెన్సిల్ చెక్కుకున్నాను.
గేలాది చిన్న పేరు.
రాయడానికి చాలాసేపు పట్టింది.