ఎడమ మూల

కొత్తపేట స్కానింగ్ సెంటర్లో
నా మోకాలి ఫిల్ముని లైటు పెట్టెకి ఆనించి
డాక్టరుగారు పెన్ను మొనతో చూపించాడు:
"ఇక్కడ నల్లటి తాడొకటి ఉండాలమ్మా."
అక్కడ తెల్లగా, తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉంది.
డబ్బు కట్టిన రసీదు మాత్రం
ఒక్క అక్షరం చెదరకుండా వచ్చింది.

తొడ వెనకనుంచి నరమొకటి తీసి
మోకాట్లో కుట్టారు.
అమ్మ ఇప్పటికీ అడుగుతుంది,
"తీసినచోట ఏం పెట్టారే?" అని.
ఏమీ పెట్టలేదమ్మా.

పదకొండు నెలలు.
మిర్చియార్డులో కాటా దగ్గర కుర్చీ వేశారు నాకు.
టిక్కీ ఎక్కుతుంది, ముల్లు ఊగుతుంది,
ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాను.
చుట్టూ అందరూ దగ్గుతుంటారు.
నేను దగ్గను. కూత వినేటప్పుడు
దగ్గకూడదని ఒంటికి అలవాటైపోయింది.

మా ఆటలో చావుకి ఒక వరస ఉంది.
ముందు చచ్చినవాళ్ళు ముందు బతుకుతారు.
మనవాళ్ళెవరో అవతలివాళ్ళని ముట్టుకొస్తే చాలు,
గీత బయట కూర్చున్నదాన్ని పేరు పెట్టి పిలుస్తారు,
వెనక దుమ్ము దులుపుకుని లోపలికొచ్చేస్తాం.
ఎనిమిదో ఏటనుంచీ
ఎన్ని వందలసార్లు చచ్చానో,
ఒక్కసారీ భయం వెయ్యలేదు.

ఈసారి గీత బయట నేను కూర్చుని ఉండగానే
జట్టు నలభై పాయింట్లు కొట్టింది.
నన్నెవరూ పిలవలేదు.

ఆ రోజు నా మీద పడింది నాగూర్‌బీ.
అందరూ దాన్నే తలో మాటా అన్నారు.
అది ప్రతి ఆదివారం
స్టీలు డబ్బాలో నాలుగు ఉడికించిన గుడ్లు తెచ్చి
మంచం పక్కన పెట్టి
నా మోకాలి వంక చూడకుండా
వాళ్ళ వీధి కుళాయి సంగతులన్నీ చెప్పి పోయేది.
నేను గుడ్లు తిన్నాను.
చెప్పాల్సింది చెప్పలేదు.

మొన్న మంగళవారం ఏడుకొండలు మాస్టారు
"ఊరికే నిలబడు కెజియా, పట్టొద్దు" అన్నారు.
ఎడమ మూల. నా చోటు.
మట్టి వేడి అరికాలు గుర్తుపట్టింది.
నాగూర్‌బీ కూతకొచ్చింది.
నా దాకా వచ్చి, నా మీదికి ఒక అడుగేసి,
ఆ అడుగుని గాల్లోనే మార్చుకుని
కుడివైపు పోయింది.
మళ్ళీ వచ్చింది. మళ్ళీ కుడివైపే.
మూడోసారి దాని కూతలో సన్నటి వణుకు.
అది నా మోకాలి వణుకు.
దాని గొంతులోకి ఎప్పుడు పోయిందో.

నీళ్ళ డ్రమ్ము దగ్గర చెప్పేశాను.
"ఆ రోజు నువ్వు విదిలించుకున్నావు, నేనే మడమ వదల్లేదు.
వదలొచ్చు. పోతే ఒక్క పాయింటు పోయేది."
అది గ్లాసు కడిగిందే కడుగుతూ ఉండిపోయింది.
"తెలుసు," అంది చాలాసేపటికి.
"నీ వేళ్ళ గుర్తులు నెల దాకా పోలా."

డాక్టరుగారి మాట:
మెట్లెక్కొచ్చు, స్కూటీ తోలొచ్చు,
పెళ్ళి చేసుకోవచ్చు.
"ఆట మాత్రం నీ ఇష్టం."
మిగతా మూడూ నా ఇష్టం కాదన్నట్టు.

మోకాలిని అడిగి లాభం లేదు,
అది మబ్బుపట్టినప్పుడు ఒకటి చెబుతుంది,
ఎండకాసినప్పుడు ఇంకోటి.
వేళ్ళని అడుగుతున్నాను రాత్రంతా:
మళ్ళీ మడమ దొరికి, మళ్ళీ కాలు మెలిపడితే
ఈసారి వదులుతారా?
వదులుతామంటే ఆడొచ్చు.
వదిలే వేళ్ళతో
ఆ మూలలో నాకేం పని?

అమ్మ నిద్రలోనే అటు తిరిగి
"పడుకోవే" అంది.

పోయేముందు నాగూర్‌బీ గేటు దగ్గర ఆగి
"రేపు ఎడమవైపే వస్తా," అంది.
బెదిరింపులా అంది.
ఎన్నాళ్ళయిందో నాతో ఎవరైనా అలా మాట్లాడి.

మోకాలి పట్టీ ఉతికి తీగ మీద వేశాను.
ఎరుపు ఇంకా కారుతోంది, యార్డు దుమ్ము.
తెల్లారేసరికి ఆరుతుందో లేదో.