పొడి బరువు

సోమ, బుధ, శుక్ర.
తెల్లవారుజామున అయిదుంపావుకి
ఏడో నంబరు కుర్చీ ఒరెస్తె జొంజీనిది.
వారెన్ పట్నంలో ఇంకా మంచు తీయని పార్కింగులో
అతని పాత బ్యూక్ రెండు గళ్ళు ఆక్రమించి ఉంటుంది.

మోచేతి దగ్గర ఫిస్టులా గుర్రుమంటుంది పిల్లిపిల్లలా.
రెండు సూదులు గుచ్చుతాను. అతను చూడడు.
నేలకేసి చూస్తాడు.
నలభై ఏళ్ళు బళ్ళకీ బ్యాంకులకీ మొజాయిక్ పోసిన మనిషి,
"అమెరికాని నేను మోకాళ్ళ మీదే చూశాను" అంటాడు.

ఆ శుక్రవారం కోటు జేబులోంచి కవరు తీశాడు.
కొండ మీద మూడు బురుజుల ముద్ర.
"సాన్ మరీనోలో ఎన్నికలు.
పోస్టులో పంపితే చెల్లదు. మనిషే వెళ్ళాలి."
అరవై సీట్ల పార్లమెంటు.
మా తుని ఊరి ఓట్లే ఆ దేశం కంటే ఎక్కువేమో.
నవ్వొచ్చింది. మాస్కు ఉండబట్టి బతికిపోయాను.

"పోయినసారి మా ఫయెతానోలో
నా మేనల్లుడు పదకొండు ఓట్లతో పోయాడు.
ఆ పదకొండు మందీ నాకు పేర్లతో సహా తెలుసు.
ఒకడు ఇక్కడే, క్లబ్బులో నా ఎదురుగా కూచుని పేకాడతాడు."

సూదుల్లేని చేతి వేళ్ళు మడిచాడు:
ఈవేళ నీళ్ళు తీసేస్తారు, రాత్రికి విమానం,
ఆదివారం ఓటు, మంగళవారం ఇల్లు.
"సోమవారం ఒక్కటి ఎగ్గొడితే?"

డాక్టరు వద్దన్నాడు. డెనీస్ వద్దంది.
డైటీషియన్ ఇచ్చిన కాగితంలో
పొటాషియం, గుండె, అన్నీ ఎర్ర అక్షరాలే.
నేనూ వద్దన్నాను, జీతం అందుకే ఇస్తారు కనక.

ఆగస్టులో మా వీధి చివర బడిలో స్కూలు బోర్డుకి ఓటింగు.
నడిస్తే నాలుగు నిమిషాలు.
వాన తుంపర పడుతోందని మానేసి
పప్పుకి తాలింపు పెట్టుకున్నాను.
ఆ మాట అతనికి చెప్పలేదు.

సోమవారం ఏడో కుర్చీ ఖాళీ.
తుడిచిన యంత్రాన్నే మళ్ళీ తుడిచాను.

బుధవారం వచ్చాడు.
బూట్ల తాళ్ళు కట్టలేనంత పాదాలు,
కళ్ళ కింద నిండు సంచులు.
తూనిక ఎక్కి ఊపిరి బిగబట్టాడు, అదేదో తగ్గిస్తుందన్నట్టు.
పొడి బరువు మీద ఆరు కిలోల రెండు వందలు.

"ఏం తాగారండీ?"
"చర్చి పక్క కొళాయి నీళ్ళు. దోసిలితో.
పెళ్ళికి ముందు తాగినవే, అదే తుప్పు రుచి.
తరవాత సూపు. మేనల్లుడి ఇంట్లో వైను.
వాడి మీద గెలిచినవాళ్ళింట్లో కాఫీ."

"అంటే, మళ్ళీ ఓడిపోయాడా?"
"మూడు ఓట్లు."
కాసేపు రక్తం గొట్టంలో తిరగడం చూశాడు, మొదటిసారి.
"నేను వాడికి వెయ్యలేదు.
మా నాన్న కట్టిన రాతిగోడ కొట్టేసి
కార్లు నిలిపే చోటు చేస్తానన్నాడు.
ఫోన్లో వద్దంటే నవ్వాడు.
అందుకే వెళ్ళాను."
"మరి వాడింట్లో వైను?"
"వైను వేరు," అన్నాడు, కాస్త కోపంగా.

ఆరు కిలోలూ ఒక్కసారే లాగకూడదు, బీపీ పడిపోతుంది.
ఈవేళ మూడున్నర, రేపు రమ్మని మిగతాది.
గొట్టంలోంచి లేత పసుపు నీరు మోరీలోకి పోతోంది.
అందులో కొళాయిది ఎంత, విమానంలో ఇచ్చిన టొమాటో రసం ఎంత,
యంత్రం విడదీసి చెప్పదు.
అతను నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

చార్టులో ఒక గడి ఉంటుంది:
బరువు పెరగడానికి కారణం.
"ఎన్నికలు" అని రాశాను.
డెనీస్ వచ్చి చూసి,
కొట్టేసి,
"ఉప్పు" అని రాసింది.