పోయింది

కృష్ణలంకలో మా రెండుగదుల ఇంట్లో
తన్వికకు పదిహేను నెలలు,
కంప్యూటరుకు ఆరు వారాలు.
ఇద్దరికీ ఒకే ఇల్లు వినిపిస్తున్నాను:
కుక్కరు కూత, కరకట్ట మీద లారీలు,
మా ఆయన మీద నా సణుగుడు.

మే నెల. రాత్రి ఫ్యాను ఆగింది.
"పోయింది" అంది వీధంతా ఒకే గొంతుతో.

వారం తిరిగేసరికి తన్వికకు
అరటిపండు అయిపోయినా పోయింది,
మబ్బు చాటున చందమామ పోయింది,
నేను స్నానానికెళ్ళి తలుపేసుకుంటే
అమ్మ పోయింది.
మా అత్తగారు లెంపలేసుకున్నారు.

రికార్డింగులన్నీ తిరగేశాను,
ఆ మాట మానుంచి ఎప్పుడు విందా అని.
లేదు.
కరెంటుతోపాటే మైకూ ఆగింది కదా!

యంత్రం తొలిసారి విన్నది
అరటితొక్క ఊపుతున్న తన్విక గొంతులో.

అలా
దానికి "పోయింది" వచ్చింది.